నీళ్లు మారితే ఎరుపు మారుతుంది

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు రెండు గుడ్డ ముక్కలు మీ చేతుల్లోకి పంపిస్తున్నాను. ముందు వరుసలో వాళ్లు చూసి వెనక్కి ఇవ్వండి, చివరి వరుస దాకా వెళ్లాలి. చేతులు తడిగా ఉంటే తుడుచుకుని పట్టుకోండి.

ఒకదాని అంచుకి తెల్ల దారం కుట్టి ఉంది, రెండోదానికి నల్ల దారం. రెండూ ఒకే తానులోంచి చింపినవి, ఒకే రోజు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టినవి. రెండింటి మీదా పటిక నీళ్లు పూసింది ఒకే చెయ్యి. ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ వేర్లు కూడా ఒకే మూటలోవి, తూకం వేసి చెరిసగం పంచాం. తేడా ఒక్కటే. తెల్ల దారం ముక్కని శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి ఇసుకలో చెలమ తీసి, ఆ ఊట నీళ్లతో ఉతికి, ఆ నీళ్లతోనే ఉడికించాం. నల్ల దారం ముక్కకి ఊళ్లో ఒక బోరు నీళ్లు వాడాం. మొదటిది దానిమ్మ గింజ ఎరుపులో వచ్చింది. రెండోదాన్ని చూస్తే నాకు ఎండిపోయిన రక్తం మరక గుర్తొస్తుంది, తెల్లగా మిగలాల్సిన చోట కూడా బూడిద రంగు పాకింది చూడండి.

నన్ను పిలిచినవాళ్లు కళ, నీళ్లు, వాతావరణ మార్పు, డీకాలనైజేషన్ అని నాలుగు మాటలు ఇచ్చారు. నేను ఈ రెండు ముక్కల దగ్గరే ఉండి ఆ నాలుగింటి గురించీ మాట్లాడతాను, ఎందుకంటే నాకు తెలిసింది కలంకారీ పని, అందులోనూ రంగు ఉడికించే పని, ఆ గుమ్మం దాటి వెళ్తే నా మాటల్లో బరువు ఉండదు. డీకాలనైజేషన్ అంటే వలస పాలన నేర్పిన ఆలోచనల నుంచి బయటపడటం అంటారు, ఆ మాటని నేను ఇలా అర్థం చేసుకున్నాను: ఈ విషయం ఎవరికి తెలుసు అని అడిగినప్పుడు మన వేలు ఎటు చూపిస్తుంది, అటే చూపించడం దానికి ఎవరు నేర్పారు, ఇది గమనించుకోవడం.

నా వేలు ఎటు చూపించేదో ముందు చెప్తాను. నేను మొదటిసారి కాళహస్తి వెళ్లినప్పుడు రంగుల గురించి పుస్తకాల్లో చదివి వెళ్లాను. ఎన్ని గ్రాముల గుడ్డకి ఎన్ని గ్రాముల వేరు, ఎన్ని డిగ్రీల వేడి, అన్నీ రాసుకున్న కాగితాలు, ఒక థర్మామీటరు, ఒక చిన్న త్రాసు తీసుకెళ్లాను. మూడుసార్లు ఉడికించాను, మూడుసార్లూ ఆ నల్ల దారం ముక్క లాంటి రంగే వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను. పటిక మంచిది కాదేమో అని మార్చాను, వేడి ఎక్కువైందేమో అని తగ్గించాను. పక్కింట్లో ఒక పెద్దావిడ, ఆ ఇంట్లో మగవాళ్లు బొమ్మలు గీస్తారు, రంగు ఉడికించడం ఆవిడ పని, రెండు రోజులు చూసి మూడో రోజు వచ్చి అడిగింది, "నీళ్లు నోట్లో పోసుకుని చూసినావా మా?" అని. లేదన్నాను. చేత్తో తీసుకుని నాలిక మీద వేసుకుని, ఉమ్మేసి, "ఇనుము నీళ్లు మా ఇవి. దీంట్లో ఎరుపు రాదు, ఏడుపొస్తుంది" అంది.

తర్వాత ఆ బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకి పంపాను. ఇనుము ఎక్కువగా ఉందనే వచ్చింది. ఇందులో జరిగేది మీకు చెప్పాలి, ఎందుకంటే ఇది మంత్రం కాదు, వివరంగా చెప్పుకోగల విషయం. కలంకారీలో నల్ల గీత ఎలా వస్తుందంటే, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు ఒక కుండలో వేసి వారాల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లతో, వెదురు పుల్లకి గుడ్డ చుట్టి చేసిన కలంతో, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే గీత అప్పటికప్పుడు నల్లబడుతుంది. కరక్కాయలోని వగరుకీ ఇనుముకీ ఉన్న సంబంధం అది. ఇప్పుడు గుడ్డ ముంచే నీళ్లలోనే ఇనుము ఉంటే? గుడ్డంతా పల్చటి నల్ల గీతలాగే తయారవుతుంది. పైగా మంజిష్ఠలోని ఎరుపు పటికతో కలిస్తే ఎర్రగా ఉంటుంది కానీ ఇనుముతో కలిస్తే ఊదాకీ గోధుమకీ తిరిగిపోతుంది. ఇంకొకటి, ఆ ఎరుపు నిండుగా రావాలంటే నీళ్లలో కొంచెం సున్నం ఉండాలి. మరీ చప్ప నీళ్లలో ఎరుపు వెలవెలబోతుంది.

పారే నీళ్లే ఎందుకు కావాలో కూడా చెప్తాను, చాలామంది అది ఆచారం అనుకుంటారు. పటిక పూసి ఆరబెట్టిన గుడ్డని ఉడికించే ముందు ఉతకాలి, గుడ్డకి పట్టకుండా మిగిలిన పటిక పోవాలి. తొట్టిలో ముంచితే ఏమవుతుంది? వదిలిన పటిక అదే నీళ్లలో ఉండి, తెల్లగా ఉండాల్సిన చోటికి వెళ్లి కూర్చుంటుంది. తర్వాత ఉడికించినప్పుడు అక్కడ కూడా ఎరుపు పడుతుంది, సీతమ్మ మొహం మీద మచ్చలొస్తాయి. ఏట్లో అయితే వదిలింది వదిలినట్టు కొట్టుకుపోతుంది. ఈ పనిలో 17 దశలు ఉన్నాయని కొందరు, 23 అని కొందరు లెక్క చెప్తారు, ఎలా లెక్కపెట్టినా గుడ్డ మళ్లీ మళ్లీ ఏటికి వెళ్లి రావాల్సిందే. అంటే స్వర్ణముఖి ఆ చిత్రకారులకి పనిముట్టు, కలం ఎలాంటిదో ఏరు అలాంటిది.

నేను చాలా ఏళ్లు ఈ కథ ఇలా ముగించేదాన్ని: "ఆవిడ చెప్పింది నిజమేనని ల్యాబ్‌లో తేలింది." ఒకసారి ఒక అమ్మాయి, మీ వయసే ఉంటుంది, లేచి అడిగింది. "మేడమ్, ల్యాబ్ కాగితం రాకముందు ఆవిడ చెప్పింది నిజం కాదా?" నాకు జవాబు తోచలేదు. అప్పటి నుంచి ఆ వాక్యం మానేశాను. ల్యాబ్ నాకు పనికొచ్చింది, ఎందుకో చెప్పింది, ఏ బోరులో ఎంతో చెప్పింది, ఆ మేలు నేను మర్చిపోను. కానీ నేను మూడు రోజులు పాడు చేసుకున్న గుడ్డని ఆవిడ ఒక్క గుక్కతో పట్టుకుంది. నీళ్ల గురించి ఎవరికి తెలుసు అంటే నా వేలు థర్మామీటరు వైపు చూపించింది, పక్కింటి వైపు తిరగలేదు. ఆ అలవాటు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే బందరు రేవు దాకా వెళ్లాల్సి వచ్చింది.

మచిలీపట్నానికి, అంటే బందరుకి, డచ్చి వాళ్లు 1605లో వచ్చారు, ఇంగ్లీషు వాళ్లు 1611లో వచ్చారు. ఎందుకొచ్చారంటే గుడ్డల కోసం. ఉతికినా పోని రంగు నూలు గుడ్డ మీద వేయడం అప్పటికి యూరప్‌లో తెలియదు. మన తీరం నుంచి వెళ్లిన అద్దకం గుడ్డలు అక్కడ ఎంత పిచ్చి పట్టించాయంటే వాళ్ల నేతగాళ్లు, పట్టు వ్యాపారులు గగ్గోలు పెట్టారు, ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, ఇంగ్లండ్ 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేసింది. చట్టం చేసినా జనం కట్టుకోవడం మానలేదు. అప్పుడు తెలివైనవాళ్లకి ఇంకో ఆలోచన వచ్చింది, ఆ పని ఎలా చేస్తారో తెలుసుకుంటే మనమే చేసుకోవచ్చు కదా అని.

ప్యారిస్‌లో దుఫే అనే రసాయన శాస్త్రవేత్త అడిగితే, 1734 ప్రాంతంలో బోల్యూ అనే నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో ఒక చిత్రకారుడి పక్కన కూర్చుని మొత్తం పని చూసి రాసుకున్నాడు. రాసుకోవడమే కాదు, ఒక్కో దశ అయ్యాక గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి దాచుకున్నాడు, నేను ఇప్పుడు మీకు పంపిన ముక్కల లాగానే. అవి ఇప్పటికీ ప్యారిస్‌లో భద్రంగా ఉన్నాయి. 1742లో కుర్దూ అనే జెస్యూట్ ఫాదర్ ఇదే పని గురించి పెద్ద ఉత్తరం రాశాడు. ఈయన గురించి తెలుగువాళ్లు ఒక మాట తెలుసుకోవాలి, తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి మాటలతో నిఘంటువు కూర్చిన మనిషి, భాషల మీద నిజమైన ప్రేమ ఉన్నవాడు. ఆ వివరాలు తనకి ఎవరు చెప్పారో కూడా దాచలేదు, కొత్తగా మతం పుచ్చుకున్న రంగుల పనివాళ్లని అడిగి తెలుసుకున్నానని రాశాడు. నీళ్లని బట్టి రంగు మారుతుందని వాళ్లు అన్న మాట కూడా ఆయన దృష్టికి వచ్చింది. ఉత్తరం అచ్చయింది, యూరప్ చదివింది. చెప్పినవాళ్ల పేర్లు మాత్రం అందులో లేవు.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుతాను. నేను కుర్దూని దొంగ అనడం లేదు. ఆయన రాయకపోతే ఆ రోజుల్లో ఈ పని ఎలా జరిగేదో మనకి కూడా ఇంత వివరంగా తెలిసేది కాదు, నేనే ఆ ఉత్తరం అనువాదం చదివి నేర్చుకున్నాను. కానీ ఏం ప్రయాణం చేసింది, ఏం ఇక్కడే ఉండిపోయింది అని చూడండి. పాళ్లు ఓడ ఎక్కాయి. కరక్కాయ ఓడ ఎక్కింది. ఏరు ఓడ ఎక్కలేదు, నాలిక ఓడ ఎక్కలేదు. పేరు కూడా ఎక్కలేదు. కాగితం మీద దిగిన భాగానికి విజ్ఞానం అని పేరొచ్చింది, మిగిలినదానికి 'వాళ్ల అలవాటు' అని పేరు మిగిలింది. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన తీరం గుడ్డలు ఉన్నాయి, చాలా అందంగా, శ్రద్ధగా దాచారు. చీటీ మీద కోరమాండల్ తీరం అనీ, ఫలానా శతాబ్దం అనీ ఉంటుంది. తీరానికి పేరుంది, గీసిన మనిషికి లేదు.

అసలు బందరు ఎరుపు మంజిష్ఠది కూడా కాదు. చిరివేరు అని, తీరం ఇసుకలో పెరిగే చిన్న మొక్క, వేరు సన్నగా ఉంటుంది. బ్రౌన్ నిఘంటువులో ఆ మాట ఉంది. ఆల్చిప్పల పొడి కలిసిన ఇసుక నేలలో పెరిగిన వేరుకి మంచి రంగు వస్తుందని పేరు. సున్నం సంగతి ఇందాక చెప్పాను కదా, ఇక్కడ అది నేలలోనే ఉంది. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎరుపుని, అలిజరిన్‌ని, తారు నుంచి తయారు చేశారు. కొద్ది ఏళ్లలోనే ఫ్యాక్టరీల్లో టన్నుల్లో వచ్చింది. ఇక్కడ వేరు తవ్వేవాళ్లకి పని పోయింది. ఇవాళ బందరు దగ్గర పెడనలో అచ్చు దిమ్మలతో అద్దే కలంకారీలో కూడా చాలాచోట్ల ఎరుపు అలిజరిన్ పొడిదే. దాన్ని వాడేవాళ్లని నేను తప్పు పట్టను, మీటరు గుడ్డ ధర ఎంతో, అందులో వాళ్లకి మిగిలేది ఎంతో తెలిసినవాళ్లు ఎవరూ తప్పు పట్టలేరు.

ఇంకో మనిషి గురించి చెప్పాలి, వాతావరణం సంగతి ఆయన దగ్గరే ఉంది. విలియం రాక్స్‌బర్గ్, స్కాట్లండ్ డాక్టరు. 1780ల్లో మన సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట పెంచాడు, మొక్కలు సేకరించాడు, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వచ్చింది, 300 బొమ్మలు. చాలా మొక్కల పక్కన తెలుగు పేరు ఉంటుంది. వృక్షశాస్త్రం చదివే పిల్లలు సొయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అని బట్టీ పడతారే, అది మన సోమిద చెట్టు. మొక్కకి తెలుగు పేరు నిలిచింది. ఆ ఆకు ఈనెల్ని ఒక్కొక్కటిగా గీసిన చిత్రకారుల పేర్లు నిలవలేదు.

రాక్స్‌బర్గ్ వానలు, ఎండలు కూడా రోజూ లెక్క రాసేవాడు. 1789 నుంచి 1792 దాకా ఉత్తర సర్కారుల్లో, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్ర వైపు, వానలు లేక ఘోరమైన కరువు వచ్చింది. ఇలాంటిది ఇంతకు ముందు వచ్చిందా అని ఆయనకి అనుమానం. ఆయన దగ్గర ఉన్న లెక్కలు కొద్ది ఏళ్లవే. అప్పుడు ఎవరిని అడిగాడో తెలుసా? పిఠాపురం రాజావారి కొలువులో ఉన్న ఒక బ్రాహ్మణ కుటుంబాన్ని. వాళ్ల ఇంట్లో తాతల నాటి రాతల్లో, అప్పటికి దాదాపు వందేళ్ల కిందట వచ్చిన ఇలాంటి కరువు వివరం దొరికింది. ఇవాళ వాతావరణ చరిత్ర రాసేవాళ్లు 1791 నాటి పెద్ద ఎల్ నీనో గురించి, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి ఇక్కడ వానలు తప్పడం గురించి, చెప్పేటప్పుడు రాక్స్‌బర్గ్‌ని తల్చుకుంటారు, తల్చుకోవాలి కూడా. ఆ కాగితమో తాటాకో చెదలు పట్టకుండా మూడు తరాలు దాచిన ఇంటి గురించి ఒక్క ముక్క మించి లేదు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం ఏంటంటే, రాక్స్‌బర్గ్‌కి ఆ రోజున ఎవరిని అడగాలో తెలిసింది. వందేళ్లు పోయాక ఆయన తర్వాతి వాళ్లకి అడగాలనే తోచలేదు. వాళ్ల బడుల్లో చదువుకున్న మనకీ తోచడం లేదు.

నీళ్ల లెక్క ఎలా మారిందో చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కి. అంతకు ముందు గుంటూరు సీమలో 1832-33లో వచ్చిన డొక్కల కరువు గురించి విన్నవాళ్లెవరూ ఆ ఆనకట్టల్ని తేలిగ్గా మాట్లాడలేరు. మా అమ్మమ్మది బందరు దగ్గర పల్లె, కాలువ నీళ్లే మా ఇంటి అన్నం. గోదావరి ఒడ్డున కాటన్ దొర పేరు చెప్పుకుని దండం పెట్టే చేతుల్ని నేను గౌరవిస్తాను. కానీ ఆ ఆనకట్టలతో పాటు నీళ్లని చూసే ఒక పద్ధతి కూడా వచ్చింది. ఎన్ని ఎకరాలకి పారింది, ఎంత శిస్తు వచ్చింది, సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు. ఈ లెక్కల పుస్తకంలో చెలమకి గడి లేదు. చాకిరేవుకి గడి లేదు. నీళ్ల రుచికి అసలే లేదు. దొరలు వెళ్లిపోయారు, ఆ గడులు అలాగే ఉన్నాయి. ఈ రోజు పేపరు తీయండి, ఇన్ని టీఎంసీలు, అన్ని క్యూసెక్కులు అని ఉంటుంది. ఆ నీళ్లు తాగడానికి బాగున్నాయా, గుడ్డ ఉతికితే ఏమవుతుంది, కాలువ శివారుకి వచ్చేసరికి ఎలా ఉన్నాయి, ఇవి అడిగేవాళ్లు ఎవరు?

ఇప్పుడు వాతావరణం మారుతోంది కదా, అది మొదట కనిపించేది ఆ గడులు లేని చోటే. స్వర్ణముఖి చంద్రగిరి దగ్గర కొండల్లో పుట్టి, తిరుపతి పక్క నుంచి కాళహస్తి గుడి ఆనుకుని వెళ్లి సముద్రంలో కలుస్తుంది. ఏడాదంతా పారే ఏరు కాదు, ఎప్పుడూ కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన దానికి ప్రాణం. పైన పారకపోయినా ఇసుక కింద నీళ్లు ఉండేవి, చెలమ తీస్తే ఊరేవి, ఆ ఊటని కాలువలుగా తవ్వి చెరువులకి కూడా పట్టుకెళ్లేవాళ్లు, ఊటకాలువలు అంటారు. 2021 నవంబరులో ఏం జరిగిందో మీలో చాలామంది చూసే ఉంటారు. కొద్ది రోజుల్లో కుమ్మరించేసింది, స్వర్ణముఖి గట్లు దాటింది, తిరుపతి వీధుల్లో నడుముల్లోతు నీళ్లు. అంత వానా వచ్చి వెళ్లిపోయింది. వాన నిదానంగా పడి ఇసుకలోకి దిగితేనే చెలమ. ఇసుకే లారీల్లో వెళ్లిపోతే, వాన ఒక్కసారే పడి పోతే, ఏరు నెలకొక రకంగా ఉంటుంది, వరద రోజుల్లో బురద, ఆ తర్వాత ఎండు మట్టి. గుడ్డ ఉతకడానికి పనికొచ్చే రోజులు మధ్యలో తగ్గిపోతున్నాయి. బోర్ల వైపు వెళ్లక తప్పని పరిస్థితి. బోరు లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు మారిపోతాయి, మీ చేతుల్లో ఉన్న నల్ల దారం ముక్క అక్కడి నుంచి వచ్చిందే.

బందరు వైపు కథ వేరు, అక్కడ భయం ఉప్పుది. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి ఆ ఊళ్లో, చుట్టుపక్కలా 30,000 మంది దాకా పోయారు. రేవు మళ్లీ పాత స్థితికి రాలేదు. 1977 నవంబరులో దివిసీమని ఉప్పెన ముంచేసింది, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుఫాను వెళ్లిపోయాక కూడా ఉప్పు ఉండిపోతుంది. డెల్టాలో సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో బోరు వేస్తే ఉప్పు నీళ్లే పడతాయి, అందుకే పెడన పనివాళ్లకి కాలువే దిక్కు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే రంగు పని మందగిస్తుంది, అదీ సరిగ్గా ఎండ బాగా కాసే రోజుల్లో, గుడ్డ ఆరడానికి అన్నిటికంటే మంచి రోజుల్లో.

పాతవాళ్ల తెలివి అంతా గొప్పది, దాన్ని తవ్వి తీస్తే చాలు అని మాత్రం నేను చెప్పడం లేదు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు అన్నారు, ఇప్పుడు ఆరుద్రలో ఎండలు కాసి ఇంకెప్పుడో కురుస్తోంది. కార్తెల లెక్క నమ్ముకుని విత్తనం వేసినవాళ్లు నష్టపోయిన ఏళ్లు ఉన్నాయి. రంగు ఉడికించడానికి కట్టెలు బోలెడు కావాలి, ఆ పొగ ఆడవాళ్ల కళ్లలోకే వెళ్తుంది. ఫలానా నెలలో ఫలానా చోట ఉతకాలి అనే నియమం ఇప్పుడు పనికి రాకపోవచ్చు. ఆ నియమం తయారు చేసిన పద్ధతి, అంటే రోజూ పొద్దున్నే నీళ్లు నాలిక మీద వేసుకుని నిన్నటికీ ఈ రోజుకీ తేడా పట్టుకోవడం, ఇది ఇప్పుడు ముందెన్నడూ లేనంత అవసరం. వానలు చెప్పినట్టు రాని కాలంలో రోజూ చూసేవాళ్ల కంటే ముందు ఎవరికి తెలుస్తుంది?

ఇంకో మాట కాస్త కష్టమైనది. దొరల పుస్తకాల్లో మనవాళ్ల పేర్లు లేవని బాధపడ్డాను. మరి మనం రాసుకున్న వాటిలో? 1957లో, దేశమంతా చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అక్కడ నేర్పారు. అది లేకపోతే ఆ కళ ఈపాటికి ఉండేదే కాదు. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. చిత్రకారులకి పేర్లు దక్కడం మొదలైంది, చాలా సంతోషం. ఉతికినవాళ్లకి? తీరం మీద కుంపిణీ గిడ్డంగులన్నీ గుడ్డ ఉతకడానికి మంచి నీళ్లు దొరికే ఊళ్లు వెతుక్కునేవి. నరసాపురం దగ్గర మాధవాయపాలెం పేరు మీద మడపొల్లం అని ఒక రకం తెల్ల గుడ్డకే పేరొచ్చింది, ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. ఆ గుడ్డని తెల్లగా చేసిన రజకుల గురించి మనమేం రాశాం? గుడ్డని పేడ నీళ్లలో నానబెట్టి, ఇసుక మీద పరిచి, ఎండలో ఆరిపోకుండా రోజంతా నీళ్లు చల్లుతూ తెల్లబరచడం ఎంత నేర్పున్న పని. నీళ్ల గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లని తక్కువ కులం అని దూరం పెట్టి, వాళ్లకి తెలిసింది తెలివి కాదని మనమే తీర్మానించాం. ఇందులో దొరల్ని అంటే సరిపోదు. నాకు నీళ్లు రుచి చూడమని చెప్పిన ఆవిడ పేరు కూడా నేను చాలా ఏళ్లు "అక్కడి ఒక పెద్దావిడ" అనే చెప్పాను, ఇందాక మీకూ అలాగే చెప్పాను. ఆవిడ ఇప్పుడు లేరు, నలుగురిలో పేరు చెప్పమంటారా వద్దా అని బతికుండగా నేను అడగలేదు. అది నా తప్పు, ఇక సరిచేసుకోలేను.

అందుకే ఒక చిన్న పని మొదలుపెట్టాం. కాళహస్తిలో ఇద్దరు, పెడన వైపు ముగ్గురు, నేను. ప్రతి అమావాస్యకీ, ప్రతి పున్నమికీ ఎవరికి వాళ్లు తాము వాడే నీళ్లతో నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ పట్టీ ఒకటి ఉడికిస్తారు. గుడ్డ ఒకటే తాను, కరక్కాయ, పటిక, మంజిష్ఠ ఒకే కొలత. మారేది నీళ్లే. ఆ పట్టీని పుస్తకంలో కుట్టి, పక్కన ఉతికినవాళ్ల పేరు, నీళ్లు ఎక్కడివి, ఆ పక్షంలో వాన పడిందా, నాలిక మీద ఎలా ఉన్నాయి, ఇవి రాస్తారు. తీపి, చప్ప, ఉప్పన, వగరు, ఇనుము వాసన, కొత్త నీళ్లు, ఇలా ఎవరి మాటలు వాళ్లవి, నేను దిద్దను. నీళ్లు పరీక్ష చేయించగలిగినప్పుడు ఆ అంకెలు కూడా పక్కనే అతికిస్తాం. ఇప్పటికి రెండు పుస్తకాలు నిండాయి. తెరిచి వరుసగా చూస్తే వాన పడిన పక్షాలు ఎర్రగా, ఎండిపోయిన పక్షాలు బూడిదగా కళ్లకి కట్టినట్టు కనిపిస్తాయి. దాన్ని బొమ్మ అనాలో, లెక్కల పుస్తకం అనాలో నాకు తెలియదు, అనాల్సిన అవసరం కూడా నాకు కనిపించలేదు. మొన్నామధ్య పెడనలో ఆ పుస్తకం చూసి ఒకాయన, "ఈ మూడు పట్టీలు చూడండి, కాలువ కట్టేసే ముందు నుంచే ఉప్పు ఎక్కుతోంది, మేం అనుకున్న దానికంటే ముందే" అన్నారు. ఆ ఏడు వాళ్లు పని పది రోజులు ముందుకి జరుపుకున్నారు.

నేను చెప్పాలనుకున్నది చెప్పాను. అడగండి.

(మూడో వరుసలో ఒక విద్యార్థి: ఆర్‌ఓ నీళ్లు వాడితే ఈ గొడవ ఉండదు కదా మేడమ్?)

వాడొచ్చు, నేనూ వాడి చూశాను. అందులో ఇనుము ఉండదు, దాంతో పాటు సున్నమూ ఉండదు కాబట్టి ఎరుపు పల్చగా వస్తుంది, చిటికెడు సుద్దపొడి కలుపుకోవాలి. ఒకరిద్దరు బాగానే చేస్తున్నారు. కానీ మిషను ఒక బిందె మంచినీళ్లిస్తే అంతకంటే ఎక్కువే బయటికి వదిలేస్తుంది, గుడ్డ ఉతకడానికి ఎన్ని బిందెలు కావాలో లెక్క వేసుకోండి. మీటరు రెండు మీటర్ల పనికి సరే, ఊరంతటికీ అది దారి అని నేను అనుకోను. అదే డబ్బుతో ఏట్లో ఇసుక కాపాడుకుంటే చెలమ ఉంటుంది.

(వెనక వరుసలో ఒక అమ్మాయి: ప్రశ్న కాదు మేడమ్. మా అమ్మ రేవులో గుడ్డలు ఉతికేది. నీళ్లలో చెయ్యి పెట్టి, ఈ రోజు తెల్ల గుడ్డలు వద్దు, రంగువే వేద్దాం అనేది. ఎలా తెలుస్తుందమ్మా అంటే, చేతికి జిడ్డుగా తగులుతున్నాయి చూడు అనేది. నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.)

అమ్మ ఉన్నారా ఇప్పుడు? ఉన్నారు కదా. మంచిది. మీరు కూర్చోకండి, ఇలా ముందుకి రండి, ఈ పుస్తకం మీ చేతికే ఇస్తున్నాను, పెన్ను అక్కడ బల్ల మీద ఉంది. ఈ పూట ఇంటికి ఫోన్ చేసి, మీ పేరు ఒక పుస్తకంలో రాయొచ్చా అని ముందు అమ్మనే అడగండి. సరేనంటే పేరు రాయండి, ఏ ఊరు, ఏ రేవు అన్నది రాయండి. జిడ్డుగా తగలడం అంటే ఎలా ఉంటుందో ఆమె ఏ మాటల్లో చెప్తే ఆ మాటల్లోనే రాయండి.